పైన్ జిగురు తీయాలంటే: ఏ చెట్టు, ఏ గాటు, ఎవరికి ఏది?

అరకు వెళ్లొచ్చిన వాళ్లలో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. పైన్ చెట్ల కాండం మీద జిగురు కారుతోంది కదా, దాన్ని తీసి అమ్మితే ఎలా ఉంటుంది? చెట్టుకి ఎన్ని కిలోలు వస్తుంది? మొన్న డిసెంబరులో ఫోన్ చేసినాయన విశాఖ ఎంవీపీ కాలనీలో పెయింట్ల షాపు నడుపుతారు. ఈ జిగురు నుంచి తీసే టర్పెంటైన్ సంగతి, రోజిన్ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది చెట్టు సంగతే. "వీడియోల్లో ఒకతను చెట్టుకి ఎనిమిది కిలోలంటాడు, ఇంకొకతను రెండంటాడు. ఎవరి మాట నమ్మాలండీ?" అని అడిగారు.

ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఒకడు ఎండ తగిలే వాలులో, విడిగా పెరిగిన లావుపాటి చెట్టుకు మూడు చోట్ల గాటు పెట్టి ఉంటాడు. రెండోవాడు ఇరుగ్గా నాటిన తోటలో సన్నపాటి చెట్టుకు ఒక్క గాటుతో సరిపెట్టి ఉంటాడు. మామూలు చెట్టుకు, ఒక గాటుకు, ఏడాదికి 2 నుంచి 4 కిలోలు అనుకుని లెక్క మొదలుపెడితే మోసపోరు. ఆ పైన వచ్చేది అదృష్టమో, చెట్టు గొప్పతనమో, చెట్టు ప్రాణం మీదికి తెచ్చే కోతో అయి ఉంటుంది.

నేను అటవీశాస్త్రం చదివాక హిమాచల్ ప్రదేశ్‌లోని చీర్ పైన్ అడవుల్లో రెండు సీజన్లు ఈ పనిలో ఉన్నాను. అక్కడ చూసినదాన్ని అరకు వైపు మన కొండలతో పోల్చుకుంటూ రాస్తున్నాను. ఏ పద్ధతి ఎక్కువ ఇస్తుందన్న ప్రశ్న ముందు అడిగేది కాదని నా అభిప్రాయం. చెట్టు ఇవ్వగలిగింది ఎంతో మీరు కత్తి పట్టకముందే చాలావరకు ఖాయమైపోతుంది. పద్ధతిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మీ దగ్గర ఎన్ని చేతులున్నాయి, ఆ చెట్టు ఇంకా ఎన్నేళ్లు నిలబడాలి అన్నది.

ముందు అది పైనేనా?

నవ్వకండి. రుషికొండ దగ్గరా, భీమిలి రోడ్డు పొడవునా ఇసుకలో ఉన్న సరుగుడు చెట్లను పైన్ అనుకునేవాళ్లు బోలెడంతమంది. ఒక పుల్ల తుంచి లాగి చూడండి. సరుగుడు పుల్ల కణుపు కణుపుగా ఊడి వస్తుంది, చిన్నప్పుడు ఎక్కడ అతికించానో చెప్పుకో అని ఆడుకున్నట్టు. పైన్ ఆకు అలా ఊడదు. అది సూదిలా ఒకే ముక్క, అడుగున చిన్న తొడుగులో రెండో మూడో ఐదో సూదులు కట్టలా ఉంటాయి. సరుగుడు నుంచి రోజిన్ రాదు.

రెండో పరీక్ష గ్లాసెడు నీళ్లతో. తుమ్మ బంక, తపసి బంక లాంటివి నీళ్లలో కరుగుతాయి లేదా ఉబ్బుతాయి. పైన్ జిగురు నీళ్లలో అలాగే ఉంటుంది, టర్పెంటైన్‌లోనో స్పిరిట్‌లోనో వేస్తే కరుగుతుంది. మొదటివి బంకలు, ఇది రెజిన్. చేతికి అంటితే సబ్బుతో పోదు. కొబ్బరినూనె రాసి రుద్దాలి.

కాచి ఆవిరి పడితే ఇది రెండుగా విడిపోతుంది. ఆవిరై చల్లబడి వచ్చేది టర్పెంటైన్, అడుగున మిగిలే గాజులాంటి పసుపు ముద్ద రోజిన్. సోల్డరింగ్ చేసే కుర్రాడి డబ్బాలోనూ, వయొలిన్ కమాను మీద రుద్దే బిళ్లలోనూ ఉండేది రోజినే. 100 కిలోల జిగురుకు రోజిన్ సుమారు 70 కిలోలు, టర్పెంటైన్ 15 నుంచి 20 కిలోలు. మిగతాది నీరు, చెత్త.

దిగుబడిని తేల్చే సంగతులు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కాండం లావు, కొమ్మల గుబురు. జిగురు ఆకుల్లో తయారైన ఆహారం నుంచి వస్తుంది. పచ్చటి కొమ్మలు చెట్టు ఎత్తులో సగం వరకు దిగి ఉన్న చెట్టు, పైన గొడుగులా కాస్త ఆకు మాత్రమే ఉన్న చెట్టు కంటే ఎప్పుడూ ఎక్కువే ఇస్తుంది. ఛాతీ ఎత్తులో అడ్డుకొలత 30 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 95 సెంటీమీటర్లు లేని చెట్టు జోలికి వెళ్లొద్దు. సన్నచెట్టు మీద పడే శ్రమ లావుచెట్టు మీద పడేంతే, వచ్చేది మాత్రం సగం. పైగా దాని ఎదుగుదల దెబ్బతింటుంది.

తోట ఇరుకు కూడా ఇందులో భాగమే. దగ్గర దగ్గరగా నాటి, పలచన చేయకుండా వదిలేసిన తోటలో చెట్లు వెలుతురు కోసం పోటీపడి పొడుగ్గా సాగుతాయి, కొమ్మలు పైకి పోతాయి. అలాంటి తోటలో 200 చెట్లున్నాయని సంబరపడొద్దు. గాటుకు పనికొచ్చేవి 80 కూడా ఉండకపోవచ్చు.

తర్వాత జన్యువు. ఒకే వరసలో, ఒకే వయసులో, ఒకే లావులో ఉన్న రెండు చెట్లలో ఒకటి ఇంకోదానికి రెట్టింపు ఇవ్వడం మామూలే. అమెరికాలోని ఫ్లోరిడాలో 1940ల్లో స్లాష్ పైన్ అనే రకం తోటల్లో ఇలాంటి చెట్లను ఏరి, వాటి సంతతిని పెంచే పని మొదలుపెట్టారు. మామూలు చెట్టుకు రెట్టింపు ఇచ్చేవాటినే ఎంచుకున్నారు. జిగురు ఎక్కువ ఇచ్చే గుణం తల్లిచెట్టు నుంచి పిల్లకు బాగానే దిగుతుంది. పాడి గేదెను కొనేటప్పుడు తల్లి పాల లెక్క అడగమా, అలాగే ఇదీ.

ఇక వేడి, నీరు. వేడిలో జిగురు పలచబడి గాటులోంచి సులువుగా జారుతుంది, చలిలో గాటు దగ్గరే గడ్డకట్టి, చెక్కలో జిగురు పారే నాళం మూసుకుంటుంది. అందుకే హిమాలయాల్లో పని మార్చిలో మొదలై నవంబరుకు ముగుస్తుంది, నడిమి చలికాలమంతా సెలవే. దక్షిణం వైపు తిరిగిన వాలులో చెట్లు ఉత్తరం వాలువాటికంటే ఎక్కువ ఇస్తాయి. నీటి సంగతి కాస్త చిక్కు. నేల కొద్దిగా ఎండితే చెట్టు ఎదుగుదల తగ్గుతుంది, ఆకు మాత్రం ఇంకా ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది, ఆ మిగులు జిగురుకు పోతుంది. బాగా ఎండిపోతే ఆకు పనే ఆగిపోతుంది, అప్పుడు జిగురూ లేదు. నాళాల్లో జిగురును తోసే ఒత్తిడి కూడా నీటి మీదే ఆధారపడి ఉంటుంది. అది తెల్లవారుజామున గరిష్ఠంగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. గాటు పొద్దున్నే పెట్టాలనడం అందుకే.

గాయం సంగతి చివరన చెప్పడానికి కారణముంది. చెట్టులో ముందే ఉన్న జిగురు కొంతే. గాయం తగిలాక ఆ చుట్టుపక్కల చెట్టు కొత్త నాళాలు కడుతుంది, సీజన్ ముందుకు సాగేకొద్దీ వచ్చేదాంట్లో వాటి వాటా పెరుగుతుంది. మొదటి రెండు వారాల తూకం చూసి నిరాశపడి మానేసిన వాళ్లను చూశాను. అది తొందరపాటు.

చెట్ల పోలిక

| రకం | ఎక్కడిది | జిగురు | సరుకు నాణ్యత | మన కొండల మాట |
|---|---|---|---|---|
| చీర్ పైన్ | హిమాలయాల దిగువ వాలులు | బాగా వస్తుంది. మన దేశంలో ప్రధాన ఆధారం ఇదే | టర్పెంటైన్‌లో ఉండే రసాయనాల్లో కెరీన్ ఎక్కువ, పైనీన్ తక్కువ | ఇక్కడ సహజంగా లేదు |
| కైల్ (నీలి పైన్) | హిమాలయాల ఎగువ భాగం | చీర్ కంటే తక్కువ | టర్పెంటైన్ మంచిది, పైనీన్ ఎక్కువ | మన వేడికి కుదరదు |
| ఖాసీ పైన్ | మేఘాలయ, ఈశాన్య కొండలు | మధ్యస్థం | చాలా మంచిది | నాటి చూడాలంటే ఓపిక కావాలి |
| కరీబియన్ పైన్ | మధ్య అమెరికా, కరీబియన్ దీవులు | వేడి ప్రాంతాల్లో బాగా | మంచిది | ఉన్నవాటిలో మొదట చూడాల్సింది |
| పట్యులా | మెక్సికో | తక్కువ | అంతంతమాత్రం | జిగురు కోసమైతే వదిలేయండి |

పట్టికలో ఆఖరి రెండు వరుసలే మనకు ముఖ్యం. దక్షిణాది కొండల్లో నాటిన పైన్‌లలో ఈ రెండూ కనిపిస్తాయి. తేడా దూరం నుంచే తెలుస్తుంది. పట్యులా సూదులు సన్నగా, పొడుగ్గా, తడి జుట్టులా కిందికి వేలాడతాయి. ఫొటోలకు మహా అందం. కరీబియన్ సూదులు బిరుసుగా, కొమ్మ చివర కుచ్చులా నిలబడతాయి. ఫొటోలో బాగుందని పట్యులా తోటను ఎంచుకుని, ఆరు నెలలు గాట్లు పెట్టి, కప్పుల్లో సూదులూ చీమలూ తప్ప ఏమీ దొరక్క తిరిగొచ్చిన వాళ్ల కథ నాకు రెండుసార్లు వినపడింది.

చీర్ టర్పెంటైన్ "తక్కువ రకం" అన్న మాటను మరీ పట్టించుకోనక్కర్లేదు. కర్పూరం, సుగంధ రసాయనాలు చేసేవాళ్లకు పైనీన్ కావాలి కాబట్టి వాళ్లు ధర తగ్గిస్తారు. పెయింటు పలచన చేసుకునేవాడికి ఆ తేడా పెద్దగా పట్టదు. ఫోన్ చేసిన షాపాయనకూ ఇదే చెప్పాను. టర్పెంటైన్ కోసమైతే చెట్టు రకం గురించి టెన్షన్ పడొద్దు, రోజిన్ రంగు గురించి పడండి. రోజిన్ ధర రంగును బట్టే. నీళ్లలా తేటగా ఉంటే పై గ్రేడు, బెల్లపు పాకంలా ఉంటే అడుగు గ్రేడు. ఇనుప డబ్బాలో నిల్వచేస్తే జిగురు నల్లబడుతుంది, ప్లాస్టిక్ డ్రమ్ము వాడాలి. ఈ చిన్న సంగతితో గ్రేడు ఒక మెట్టు పడిపోయిన సరుకు నేనే చూశాను.

గాటు పద్ధతులు

*కప్పు–పెదవి పద్ధతి.* ఇక్కడ చెప్పేవాటిలో పాతది. బెరడు తీసి, బాడిసెతో చెక్కలోకి రెండున్నర సెంటీమీటర్ల వరకు చెక్కుతారు. కింద రేకు పెదవి, దాని కింద మట్టి కప్పు. వారానికోసారి పైకి చెక్కుకుంటూ పోతారు. నేర్చుకోవడం తేలిక, పనిముట్లు ఊరి కమ్మరి దగ్గరే దొరుకుతాయి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ కాండానికి ఒకపక్క పెద్ద బొరియ పడుతుంది, అందులో ఎండిన జిగురు. అడవికి నిప్పంటుకుంటే ఆ చెట్టు దివిటీయే. అందుకే హిమాలయ రాష్ట్రాలు దీన్ని పక్కనపెట్టాయి. నేనూ పక్కనపెట్టమనే చెప్తాను.

*రిల్ పద్ధతి.* హిమాచల్‌లో నేను చేసిన పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. ముందు పైబెరడును నున్నగా గీకుతారు, కాండం మీద అరచేయి రెండింతల వెడల్పు ఎర్రటి పలక కనబడుతుంది. దాని నడుమ నిలువుగా ఒక గాడి. ఆ గాడికి రెండువైపులా, ఈనె నుంచి కొబ్బరాకులు విడినట్టు, ఏటవాలుగా సన్నగీతలు. గీత లోతు చెక్కలోకి రెండు మిల్లీమీటర్లే. ప్రతి గీత గీయగానే పలచటి ఆమ్లం జల్లుతారు. ఆమ్లం పడితే నాళాల నోళ్లు త్వరగా మూసుకుపోవు. మొదటి బొట్టు రావడానికి ఎక్కువసేపు పట్టదు. ముందు మంచుబిందువులా తేటగా గీత అంచున వరసగా నిలుస్తుంది, తర్వాత ఒకదానితో ఒకటి కలిసి గాడిలోకి జారుతుంది. రెండు రోజుల తర్వాత కప్పులో చూస్తే తెల్లగా, పేరిన నెయ్యిలా ఉంటుంది. కొత్త పెయింటు వాసన.

చెట్టుకు హాని తక్కువ, దిగుబడి కప్పు–పెదవికి తీసిపోదు. కష్టమంతా వారం వారం తిరగడంలోనే. ఇంకొకటి, ఆమ్లం. చేతితొడుగు, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. నా మొదటి జూలైలో మధ్యాహ్నం వరకు 150 చెట్లకు గీతలు గీసి ఆమ్లం కొట్టాను, రెండింటికి వాన దంచేసింది. ఆమ్లం కొట్టుకుపోయింది, కప్పులు నీళ్లతో నిండి పొంగాయి, వారం పని వారం వృథా. వాన మబ్బును పొద్దున్నే చూడనందుకు తప్పు నాదే. మా మేస్త్రీ ఏమీ అనలేదు, మర్నాటి నుంచి నా సీసా తన దగ్గర పెట్టుకున్నాడు.

*బెరడు పట్టీ–పేస్టు పద్ధతి.* బ్రెజిల్‌లో స్లాష్ పైన్, కరీబియన్ పైన్ తోటల్లో ఇదే నడుస్తుంది. చెక్కను ముట్టుకోరు. రెండు సెంటీమీటర్ల ఎత్తున, కాండం చుట్టుకొలతలో మూడోవంతు మించకుండా, అడ్డంగా బెరడు పట్టీ తీసి పైఅంచున ఆమ్లపు పేస్టు రాస్తారు. కింద ప్లాస్టిక్ సంచి. పేస్టు జల్లే ద్రవంలా కారిపోదు, నెమ్మదిగా పనిచేస్తుంది. అందుకే పదిహేను రోజులకోసారి వెళ్తే చాలు. పేస్టులో ఎథిఫాన్ కూడా కలుపుతుంటారు. మామిడికాయలు మగ్గించడానికి వాడతారే, అదే మందు. అది ఇథిలీన్ వదులుతుంది, చెట్టు దాన్ని గాయం గుర్తుగా తీసుకుని జిగురు పెంచుతుంది. మన దగ్గరున్నది కరీబియన్ పైన్ అయితే నా ఓటు దీనికే.

*బోర్‌హోల్ పద్ధతి.* అమెరికాలో రూపుదిద్దుకుంది. మన దేశంలో సోలన్ దగ్గర నౌణీలోని వై.ఎస్. పర్మార్ విశ్వవిద్యాలయం వాళ్లు చీర్ మీద దీన్ని పరీక్షించారు. నేలకు దగ్గరగా డ్రిల్లుతో అంగుళం వెడల్పు రంధ్రాలు, లోపలినుంచి బయటికి వాలు ఉండేలా తొలిచి, మందు కొట్టి, గొట్టం బిగించి, మూసిన సంచి తగిలిస్తారు. గాలి, వాన, సూదులు, చీమలు ఏవీ లోపలికి పోవు. టర్పెంటైన్ ఆవిరైపోదు, రోజిన్ తేటగా వస్తుంది. కొన్ని వారాలపాటు చెట్టు వైపు చూడనక్కర్లేదు. రంధ్రాన్ని చెట్టే మెల్లగా పూడ్చుకుంటుంది. ఖర్చు డ్రిల్లులో, బిట్లలో, ఛార్జింగ్‌లో. కరెంటు సరిగా లేని కొండ ఊళ్లో ఇది చిన్న మాట కాదు. కిలోల లెక్కలో మిగతావాటికంటే కొంచెం వెనకబడొచ్చు, రంధ్రాలు పెంచితే సర్దుకుంటుంది.

గంటల లెక్క

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. చెట్టుకి ఎన్ని కిలోలని అడుగుతారు తప్ప గంటకు ఎన్ని కిలోలని అడగరు. 200 చెట్లు, 24 వారాల సీజన్ అనుకుని కాగితం మీద వేసి చూద్దాం. నిమిషాలు నేను ఊహించుకున్నవి, మీరు గడియారం పెట్టుకుని మార్చుకోండి. కొండ ఎక్కి దిగే సమయం ఇందులో కలపలేదు.

| | రిల్ | బెరడు పట్టీ–పేస్టు | బోర్‌హోల్ |
|---|---|---|---|
| మొదటి ఏర్పాటు, చెట్టుకి | 10 నిమిషాలు | 6 నిమిషాలు | 15 నిమిషాలు, సీజన్‌లో 2 సార్లు |
| ప్రతి తిరుగుడు, చెట్టుకి | 3 నిమిషాలు | 4 నిమిషాలు | 3 నిమిషాలు |
| తిరుగుళ్లు | 24 | 12 | 2 |
| మొత్తం గంటలు | సుమారు 273 | 180 | 120 |
| చెట్టుకి కిలోలు (అనుకున్నవి) | 2.5 | 2.5 | 2 |
| మొత్తం కిలోలు | 500 | 500 | 400 |
| గంటకు కిలోలు | 1.8 | 2.8 | 3.3 |

బోర్‌హోల్‌లో 100 కిలోలు తగ్గినా గంటకు రిల్ కంటే దాదాపు రెట్టింపు. కొండదారి నడక కలిపితే రిల్ ఇంకా వెనకబడుతుంది, ఎందుకంటే 24 సార్లు ఎక్కాలి. కానీ ఇంట్లో ముగ్గురు మనుషులుండి, వేసవిలో వేరే పని లేకపోతే గంట విలువ తక్కువ, కిలో విలువ ఎక్కువ. అప్పుడు జవాబు తిరగబడుతుంది.

ఎవరికి ఏది?

వైజాగ్‌లో ఉంటూ సరుకు కొని రోజిన్ యూనిట్ పెడదామనుకునేవారు చెట్ల జోలికి వెళ్లకుండా ఉండటమే మంచిది. 500 కిలోల జిగురు నుంచి రోజిన్ 350 కిలోలు, టర్పెంటైన్ 75 నుంచి 100 కిలోలు. ఒక డిస్టిలేషన్ పాత్రకు అది రెండు మూడు రోజుల మేత. యూనిట్ నడవాలంటే వేల చెట్లు కావాలి, అన్ని పనికొచ్చే చెట్లు మన కొండల్లో ఒకచోట లేవు. ఉత్తరాది నుంచి రోజిన్ తెప్పించుకుని ఇక్కడ రకాలుగా వేరుచేసి అమ్ముకోవడమే లాభం. ఇంకో సంగతి, ఏజెన్సీలో భూమి కొని పైన్ తోట వేద్దామని అడిగేవాళ్లకు: 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు ఆ దారి మూసేసి ఉంది. ఎవరో కాగితం రాసిస్తామంటే నమ్మకండి.

కొండ ఊళ్లో ఉండి, ఊరి హద్దుల్లో పైన్‌లు ఉన్నవారి మాట వేరు. అటవీశాఖ నాటిన చెట్టు అటవీశాఖదే, ముందు రేంజి ఆఫీసు గడప తొక్కి రాతలో అనుమతి తీసుకోవాలి. అనుమతి వస్తే బెరడు పట్టీ పద్ధతి, ఏడాదికి ఒక ముఖం (గాట్లు పెట్టే పక్క) మాత్రమే, ముఖం ముఖానికి మధ్య తగినంత వెడల్పున బతికిన బెరడు వదలాలి. కాఫీకి నీడగా సిల్వర్ ఓక్, దాని మీద మిరియాల తీగ పెంచుకుంటున్న రైతు ఆ తోటను తీసి పైన్ వేస్తానంటే మాత్రం వద్దనే అంటాను. మిరియాల డబ్బు చేతికందినంత సులువుగా జిగురు డబ్బు అందదు, పైన్ గాటుకు రావడానికే పదిహేను, ఇరవై ఏళ్లు.

మూడేళ్లలోనో ఐదేళ్లలోనో ఎలాగూ నరకబోయే తోట అయితే నియమాలు మారతాయి. చుట్టూ రెండు మూడు ముఖాలు తీసి, పేస్టు గట్టిగా రాసి, చెట్టు ఇవ్వగలిగినంత పిండుకోవచ్చు. దీన్ని భారీ గాటు అంటారు. అడుగు దుంగ కలప పాడవుతుంది, దాని ధర ముందే తీసేసి లెక్క వేయండి.

చదువుకునే పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగితే బోర్‌హోల్ చెయ్యమంటాను. రంధ్రాల సంఖ్య, లోతు, మందు మార్చి పోల్చడం తేలిక, ప్రతి సంచి విడిగా తూచొచ్చు.

పైన్ కాకపోతే?

చాలామందికి నా అసలు సలహా ఇది. మన కొండలకు పైన్ చుట్టం, తపసి సొంతమనిషి. రాళ్ల వాలుల్లో తెల్లటి కాండంతో నిలబడే తపసి చెట్టు బంకకు కొనేవాళ్లు ఊరి దగ్గరే ఉన్నారు. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ, 1956లో పుట్టింది, సంతల్లో కొనేవాటిలో తపసి బంక ఒకటి. కాచే పని లేదు, ఎండబెట్టి, బెరడు ముక్కలు ఏరి, రంగును బట్టి వేరుచేస్తే చాలు. తెల్లదానికి పై ధర. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండల్లో బాగా వస్తుంది. దానికీ జబ్బు ఒకటే, అత్యాశ గాటు. గొడ్డలితో లోతుగా నరికిన తపసి చెట్లు చచ్చిపోయిన వాలులు ఏజెన్సీలో కనబడతాయి. చిన్న గాటు, గాటుకు గాటుకు ఎడం, చెట్టుకు విశ్రాంతి. పైన్‌కు చెప్పిన సూత్రమే.

గుగ్గిలం చెట్టు, కొండ సాంబ్రాణి కూడా ఉన్నాయి కానీ అవి ధూపం లెక్క, తక్కువ పరిమాణం. పూర్ణా మార్కెట్ పూజా సామాన్ల దుకాణాలకు చాలు, యూనిట్‌కు చాలదు.

వాన, గాలి, నిప్పు

హిమాలయాల సీజన్‌ను ఇక్కడ అలాగే దించుకోవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన కొండల్లో వాన, తెరిచిన కప్పుల పద్ధతులకు అది చేటు. లంబసింగి వైపు డిసెంబరు, జనవరి చలికి జిగురు కదలదు. నాకైతే ఫిబ్రవరి నుంచి మే చివరి వరకు, మళ్లీ వానలు తగ్గాక నవంబరు చివరి వరకు, రెండు ముక్కలుగా సీజన్ పెట్టుకోవడం బాగుంటుందనిపిస్తుంది. మూసిన సంచి ఉన్న బోర్‌హోల్‌కు మాత్రం వాన అంత అడ్డు కాదు.

గాలి సంగతి విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా వీధిలో నిలబడిన చెట్టు లేదు. కాండంలో లోతుగా చెక్కిన చెట్టు అలాంటి గాలికి సరిగ్గా ఆ చెక్కిన చోటే విరుగుతుంది. కప్పు–పెదవి వద్దనడానికి నాకున్న రెండో కారణం ఇదే.

నిప్పు కోసం చెయ్యాల్సింది చిన్నదే. వేసవికి ముందు ప్రతి చెట్టు మొదట్లో రెండు అడుగుల మేర రాలిన సూదులు ఊడ్చెయ్యాలి. ఎండిన పైన్ సూది అగ్గిపుల్లతో సమానం, జిగురు కారిన కాండం దానికి కిరసనాయిలు. బీడీ తాగే పనివాళ్లను ఆ రోజుకు వేరే పనికి పంపండి.

ఇంత చదివాక కూడా తేల్చుకోలేకపోతే పది చెట్లతో మొదలుపెట్టండి. ఒకే రకం, 30 సెంటీమీటర్లు దాటినవి. ఐదింటికి బెరడు పట్టీ, ఐదింటికి బోర్‌హోల్. ప్రతి చెట్టుకూ నంబరు రాసి, పదిహేను రోజులకోసారి సంచి విడిగా తూచి, పక్కనే ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. రెండు నెలలు చాలు. పెయింట్ల షాపాయన తెలిసినవాళ్ల ద్వారా అనుమతి సంపాదించి ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. మొన్న పంపిన ఫొటోలో ఏడో నంబరు చెట్టు సంచి ఒక్కటే ఉబ్బి ఉంది, మిగతా తొమ్మిదీ సగం సగమే. "ఈ ఏడోదానికి గింజలు ఎప్పుడు కాస్తాయండీ?" అని అడిగారు.